గోడ దాటని కారం

నాకొక వ్యసనం ఉంది. చెప్పుకోడానికి సిగ్గేమీ లేదు. పండుమిరపకాయల కారం లేకపోతే నాకు ముద్ద దిగదు. ఎక్కడికి ప్రయాణం కట్టినా నా సంచిలో ఒక గాజుసీసా ఉంటుంది. మూతకి ప్లాస్టిక్ కవరు బిగించి, రబ్బరుబ్యాండు వేసి, పాత తువ్వాలు చుట్టి బట్టల మధ్యన పెట్టుకుంటాను. బట్టలకి ఆ వాసన పడుతుంది. పడితే పడనీ అనుకుంటాను.

సభలకి వెళ్ళినప్పుడు భోజనాల దగ్గర ఆ సీసా తీస్తే పక్కనున్న మిత్రులు ఆశ్చర్యంగా చూస్తారు. "అదేంటండీ, మీరు కూడా పచ్చళ్ళు తింటారా? మీ ఇళ్ళల్లో రోజూ బిర్యానీనే కదా!" అంటారు. వాళ్ళకి చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు. అభ్యుదయవాదులు, సెక్యులర్ మిత్రులు. రంజాన్ నెల రాగానే హలీం ఎక్కడ బాగుంటుందని ఫోన్ చేస్తారు. "మాకు బిర్యానీ ఎప్పుడు పెడతారు?" అని ప్రతి పండక్కీ అడుగుతారు. ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా "మీ అమ్మగారి కారం కాస్త పెట్టండి" అని అడగలేదు. ముస్లిం అంటే వాళ్ళ మనసులో ఒక పళ్ళెం ఉంది. ఆ పళ్ళెంలో మా ఇల్లు లేదు.

మా ఇంట్లో బిర్యానీ ఎప్పుడు వండారని గుర్తు చేసుకుంటే వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పెళ్ళిళ్ళలో పలావు తిన్నాం, అదీ ఊరంతా కలిసి. మిగతా రోజుల్లో మా ఇంటి పొయ్యి మీద ఉడికింది నూకలన్నం, జొన్న సంకటి. దాంట్లోకి కారం. అంతే. ఆ కారమే మా కూర, మా పప్పు, మా పులుసు. "ఇయ్యాల కూరేంటే?" అని నాన్న అడిగితే "జాడీ ఉందిగా" అనేది అమ్మ. ఆ మాటలో ఎంత లేమి ఉందో చిన్నప్పుడు తెలియలేదు. జాడీ ఉంది కదా, ఇంకేం కావాలి అనుకునేదాన్ని.

మాది పల్నాడు. అప్పట్లో గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడే ఒక జిల్లా. సాగర్ కుడికాలవ నీళ్ళు వచ్చాక మా చుట్టుపక్కల నేలలో పత్తి, మిరప పెరిగాయి. మా ఇంటి కథ కూడా ఆ రెండు పంటలదే. నాన్న పత్తి ఏకేవాడు. అమ్మ మిరపకాయలు కోసేది. మేం దూదేకులవాళ్ళం.

ఈ మాట రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. కులధ్రువీకరణ పత్రం మీద మా పేరు ఒక్కటి కాదు, నాలుగు. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా. బి.సి.-బి. నాలుగు పేర్లున్నాయి గానీ మేమెవరిమో ఎవరికీ అర్థం కాదు. మా ఇంట్లో తెలుగు మాట్లాడతాం. నమాజు చేస్తాం, చేయడం రానివాళ్ళం కూడా ఉన్నాం. మా ఆడవాళ్ళ పేర్లు మస్తానమ్మ, హుసేనమ్మ, దస్తగిరమ్మ, కాశింబీ. అటు సగం, ఇటు సగం. "తురకలు లేని ఊళ్ళో దూదేకులవాడే ముల్లా" అని తెలుగులో ఒక సామెత ఉంది. స్కూల్లో సామెతల పాఠం చెబుతూ మా మాస్టారు ఈ సామెత చెప్పి నవ్వారు. క్లాసంతా నావైపు తిరిగి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు ఎందుకు నవ్వానా అని ఇప్పటికీ బాధపడుతుంటాను.

ఉర్దూ ముస్లింలు "ఉర్దూ రాదా? మరి మీరేం ముసల్మాన్లు?" అంటారు. హిందువులు "మీ తెలుగు ఎంత బాగుందండీ! ఎక్కడ నేర్చుకున్నారు?" అంటారు. ఎక్కడ నేర్చుకుంటాం? మీరెక్కడ నేర్చుకున్నారో అక్కడే. మా అమ్మ దగ్గర, రోటి దగ్గర.

ఆ రోటి సంగతి చెప్పాలి.

సంక్రాంతి దాటాక మిరపచేలు ఎర్రబడతాయి. మా అమ్మ తెల్లారకముందే కోతకి వెళ్ళేది. సాయంత్రం కూలితో పాటు ఒళ్ళో కొన్ని పండుకాయలు తెచ్చుకునేది. కొందరు రైతులు ఏమీ అనేవాళ్ళు కాదు, కొందరు ఒడి విప్పి చూసేవాళ్ళు. అలా వారం పది రోజులు కూడబెట్టిన కాయలతో మా ఏడాది కారం తయారయ్యేది. ఎండుమిరపకాయ వేరు, పచ్చిమిరపకాయ వేరు, పండుమిరపకాయ వేరు. పచ్చిదానిలో పొగరుంటుంది, ఎండుదానిలో ఘాటుంటుంది. పండుదానిలో మాత్రం కారంతో పాటు ఒక తీపి ఉంటుంది. ఆ తీపి వారం రోజులే. కాయ వడిలిందా, పోయినట్టే.

కాయల్ని తొడిమలతోనే కడగాలి. ముందు తొడిమ తీస్తే లోపలికి నీళ్ళు పోతాయి, కారం బూజు పడుతుంది. కడిగిన కాయల్ని పాత చీర మీద పరిచి నీడన ఆరబెట్టాలి. ఒక్కొక్క కాయనీ బట్టతో తుడవాలి. అది పిల్లల పని. అప్పుడు తొడిమలు తీసి, కళ్ళుప్పు, పసుపు వేసి రోట్లో దంచాలి. మరీ మెత్తగా కాకూడదు. కచ్చాపచ్చాగా దంచి, మధ్యలో గింజా పీచూ తీసిన కొత్త చింతపండు పెట్టి, జాడీలోకి ఎత్తి, మూతి మీద వాసెన కట్టాలి. కిలో కాయలకి పావుకిలో చింతపండు, పావుకిలోకి కాస్త తక్కువ ఉప్పు. అమ్మకి ఈ కొలతలు తెలీవు. ఆమెకి చెయ్యే కొలత. మూడో రోజు వాసెన విప్పితే చింతపండు ఆ రసంలో నాని మెత్తబడి ఉంటుంది. అప్పుడు మళ్ళీ రుబ్బాలి. ఆ రుబ్బేటప్పుడు వచ్చే వాసనే నా బాల్యం.

తినేరోజు కావలసినంత తీసి, మెంతిపిండి కలిపి, వెల్లుల్లి చితక్కొట్టి వేసి, నూనెలో ఆవాలూ ఇంగువా పోపు పెట్టేది. పోపు లేకపోయినా మేం తినేవాళ్ళం. నూనె లేని రోజులు చాలా ఉండేవి.

దీన్ని కొరివి కారం అని కూడా అంటారు. కొరివి అంటే మండే కట్టె. తెలుగువాళ్ళకి కొరివి అనగానే తలకొరివి గుర్తొస్తుంది. మేం చనిపోయినవాళ్ళని పూడ్చేవాళ్ళం, మాకు తలకొరివి లేదు. మాకున్న కొరివల్లా ఇదొక్కటే, నాలుక మీద పెట్టుకునేది.

మా ఇంటికీ పక్కింటికీ మధ్య నాపరాళ్ళ గోడ ఉండేది. నడుమెత్తు గోడ. పక్కింటివాళ్ళు పెద్దకులంవాళ్ళు, మంచివాళ్ళు. ఆ మాట గట్టిగా చెబుతున్నాను, మంచివాళ్ళే. నాకు జ్వరం వస్తే ఆ పెద్దమ్మ రాత్రంతా మా ఇంట్లో కూచుంది. పీర్ల పండక్కి వాళ్ళ మగపిల్లలు పీర్ల ముందు గుండం తొక్కేవాళ్ళు. ఎండాకాలం ఆవకాయ పెట్టగానే మొదటి గిన్నె మా గోడ మీదకి వచ్చేది. "ఏమ్మాయ్, ఇదిగో తీసుకో" అని పెద్దమ్మ గోడ మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకునేది. నేను వెళ్ళి తెచ్చుకునేదాన్ని. తిన్నాక గిన్నె కడిగి గోడ మీద బోర్లించేదాన్ని. ఆమె దాని మీద నీళ్ళు చల్లి లోపలికి తీసుకెళ్ళేది. ఆ నీళ్ళు చల్లడం నాకు చాలాకాలం వింతగా అనిపించలేదు. గిన్నెలకి అలా చల్లుతారేమో అనుకున్నాను.

ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు అమ్మ లేని సమయం చూసి, ఆ ఏటి కారం ఒక గిన్నెలో పెట్టి గోడ మీద ఉంచి "పెద్దమ్మా, మా అమ్మ చేసింది" అన్నాను. పెద్దమ్మ వచ్చింది. చూసింది. "అబ్బ, ఎంత ఎర్రగా ఉందే!" అంది. ముక్కుతో గాలి పీల్చి "మీ అమ్మ చేతివాటమే చేతివాటం" అంది. "ఉంచమ్మా, తర్వాత తీసుకుంటాలే" అంది. సాయంత్రం దాకా గిన్నె గోడ మీదే ఉంది. చీకటి పడ్డాక అమ్మ పొలం నుంచి వచ్చి చూసింది. ఏమీ అనలేదు. గిన్నె తీసుకొచ్చి అందులో కారం మళ్ళీ జాడీలో కలపకుండా, ఆ రాత్రి మా అందరి కంచాల్లో వేసింది. "వాళ్ళు తినరమ్మా" అని మాత్రం అంది. "ఎందుకు?" అంటే "అన్నం తిను" అంది.

ఇది పల్నాడు. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒక పంక్తిన కూచోబెట్టి చాపకూడు పెట్టాడని చెప్పుకునే నేల. మా స్కూల్లో ఆ పాఠం చెప్పేటప్పుడు మాస్టారి గొంతు గద్గదమయ్యేది. ఆ చాప మా గోడ దాకా ఎందుకు రాలేదు? మేం ఆవకాయ తీసుకోవడం స్నేహమైతే, వాళ్ళు మా కారం తీసుకోకపోవడం ఏమిటి? ఇచ్చే చెయ్యి ఎప్పుడూ ఒకటే అయితే దాన్ని ఇచ్చిపుచ్చుకోవడం అనరు. మతసామరస్యం గురించి సభల్లో వక్తలు మాట్లాడుతుంటే నాకు ఆ గిన్నే కనిపిస్తుంది. పీర్లపండగలో కలిసి తొక్కిన నిప్పుల గుండం కనిపిస్తుంది, పొద్దుగూకేదాకా గోడ మీద ఎండిపోయిన గిన్నె కూడా కనిపిస్తుంది. రెండూ నిజమే. మొదటిది చెప్పి రెండోది దాచడం నావల్ల కాదు.

అసలు ఈ మిరపకాయ ఎవరిది? ఇది ఈ దేశపు పంట కాదు. దీని పుట్టిల్లు అమెరికా ఖండం. 1492లో కొలంబస్ అక్కడికి వెళ్ళాక, 1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగాక, పోర్చుగీసువాళ్ళ ఓడల్లో ఇటు వచ్చింది. అంతకుముందు మన కారమంతా మిరియాలదే. మిరియం అనే పాత పేరునే కొంచెం మార్చి ఈ కొత్త కాయకి పెట్టుకున్నాం. శ్రీనాథుడు పల్నాటి జొన్నకూడు మీద చాటువులు చెప్పాడంటారు. ఆయన పదిహేనో శతాబ్దం వాడు. ఆ జొన్నకూట్లోకి నంజుకోడానికి మిరపకారం లేదు. బ్రహ్మనాయుడి చాపకూట్లోనూ లేదు. ఇవాళ మాత్రం ఆంధ్రుడంటే మిరపకాయ. గుంటూరంటే మిర్చియార్డు. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. అంటే ఇది ఈ నేల బిడ్డే అని కాగితం రాసిచ్చారు.

మంచిదే. నాకూ సంతోషమే. కానీ ఓడ దిగి వచ్చిన కాయని ఎవరూ "నువ్వెక్కడి నుంచి వచ్చావు?" అని అడగలేదు. ఓడా ఎక్కక, గుర్రమూ ఎక్కక, తరతరాలుగా ఈ నేలమీదే పత్తి ఏకిన మా నాన్నని మాత్రం అడిగారు. మావాళ్ళు అరేబియా నుంచీ రాలేదు, ఇరాన్ నుంచీ రాలేదు. ఇక్కడి పనికులాలవాళ్ళే ఇక్కడి సూఫీల మాట విని మతం మార్చుకున్నారు. ఒకవేళ వచ్చినవాళ్ళే అయినా ఏమిటట? మిరపకాయ వచ్చిందే కదా! వచ్చినవాళ్ళా, ఉన్నవాళ్ళా అన్న లెక్క మిరపకాయకి లేనప్పుడు మనుషులకెందుకు?

1992లో నేను హైదరాబాదులో చిన్న ఉద్యోగంలో చేరాను. అద్దెగది కోసం తిరిగాను. గది నచ్చేది, అద్దె కుదిరేది, చివర్లో పేరు అడిగేవాళ్ళు. పేరు చెప్పగానే "మా తమ్ముడు వస్తానన్నాడమ్మా" అనేవాళ్ళు. అలా చాలామంది తమ్ముళ్ళు వచ్చాక, చివరికి పాతబస్తీలో ఒక ముసలమ్మ ఇంట్లో గది దొరికింది. ఆమెది ఉర్దూ కుటుంబం. నాకు వచ్చిన ఉర్దూ ముక్కలు విని "కహాఁ కే హై జీ?" అంది. గుంటూరు వైపు అన్నాను. "దూదేకుల?" అంది. ఆ ఒక్క మాటలో మా ఊరి మాస్టారి నవ్వు మళ్ళీ వినిపించింది. నా సీసా చూసి "యే తెలుగు లోగాఁ కా ఖానా" అని ముక్కు చిట్లించింది. గుంటూరు గోడ మీద ఎండిన గిన్నె ముస్లింది, పాతబస్తీలో సీసా తెలుగుది! నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చేశారు. మా గల్లీలో కర్ఫ్యూ పెట్టారు. బయటికి అడుగు పెట్టడానికి లేదు. పాలు లేవు, కూరగాయలు లేవు. రాత్రుళ్ళు ఎక్కడో అరుపులు, పరుగులు. ముసలమ్మ తస్బీ తిప్పుతూ కూచునేది. ఆమె కొడుకు గల్ఫ్‌లో ఉండేవాడు, ఫోన్ పలికేది కాదు. డబ్బాల్లో మిగిలిన బియ్యం, పప్పు కలిపి ఖిచిడీ చేసింది. దానికి తోడు ఖీమా ఉండాలి, ఖట్టా ఉండాలి. ఏవీ లేవు. ఉత్త ఖిచిడీ ముందు పెట్టుకుని ఆమె కదలకుండా కూచుంది. నేను లేచి వెళ్ళి సీసా తెచ్చాను. అడక్కుండానే ఆమె పళ్ళెం అంచున ఒక చెంచా వేశాను.

ఆమె వేలితో అద్దుకుంది. నాలుక మీద పెట్టుకుంది. కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. "క్యా ఆగ్ హై బేటీ యే!" అంది. కాసేపటికి పళ్ళెం నా వైపు జరిపి "ఔర్ జరా దాలో" అంది. ఆ నీళ్ళు కారానికి వచ్చినవా, కర్ఫ్యూకి వచ్చినవా నేను అడగలేదు. కర్ఫ్యూ ఎత్తేసే దాకా మేమిద్దరం ఆ సీసాతోనే తిన్నాం. చివరిరోజు అడుగున మిగిలినదాంట్లో ఆమె వేడి అన్నం వేసి కలిపి నాకో ముద్ద, తనకో ముద్ద చేసింది. ఆ తర్వాత ఆమె నన్ను దూదేకుల అని ఎప్పుడూ అనలేదు. అయితే ఆమె కొడుక్కి సంబంధం చూసేటప్పుడు మాత్రం మావాళ్ళ ఊసు ఎత్తలేదు. అదీ నిజమే.

కారం ఎందుకు మండుతుందో తర్వాత్తర్వాత చదివి తెలుసుకున్నాను. మిరపలో కాప్సైసిన్ అనే పదార్థం ఉంటుంది. అందరూ అనుకున్నట్టు అది గింజల్లో తయారవదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో తయారవుతుంది. నీళ్ళలో కరగదు. అందుకే కారం తిని నీళ్ళు తాగితే మంట తగ్గదు, పెరుగో నెయ్యో కావాలి. 1912లో స్కోవిల్ అనే అమెరికన్ ఈ మంటని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఆ కొలతలో మా గుంటూరు సన్నం సుమారు 35 వేల నుంచి 40 వేల దాకా తూగుతుందంటారు. 1997లో డేవిడ్ జూలియస్ బృందం మన నరాల్లో ఈ కాప్సైసిన్‌ని పట్టుకునే తలుపు ఒకటుందని కనిపెట్టింది. ఆ పనికి ఆయనకి 2021లో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. ఆ తలుపు నిజమైన వేడికి కూడా తెరుచుకుంటుంది. అంటే నాలుక కాలదు, కాలిందని ఒంటికి కబురు మాత్రం వెళుతుంది. పిట్టలకి ఈ మంట తెలియదు. మనకి తెలుస్తుంది, తెలిసీ ఇష్టంగా తింటాం.

కానీ కొందరికి ఇది నాలుక దగ్గర ఆగే మంట కాదు. గుంటూరు యార్డులో, కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే ఆడవాళ్ళని చూడండి. మూతికి గుడ్డ కట్టుకుని రోజంతా ఆ కోరులో కూచుంటారు. దగ్గు, తుమ్ములు, కళ్ళమంటలు. మా అమ్మ కోతల రోజుల్లో రాత్రిళ్ళు చేతులకి కొబ్బరినూనె రాసుకుని, అరచేతులు గాలికి పెట్టుకుని పడుకునేది. మమ్మల్ని ముట్టుకునేది కాదు. "చెయ్యి పెడితే మీకు మండుద్ది" అనేది. కోతల నెలల్లో మా అమ్మ చెయ్యి నా ముఖాన్ని తాకిన గుర్తు నాకు లేదు. నేనింత ప్రేమగా చెప్పుకుంటున్న రుచి వెనక ఆ చేతులున్నాయి. అందులో మా దూదేకుల చేతులున్నాయి, మాదిగ చేతులున్నాయి, సుగాలీ చేతులున్నాయి. ఆ చేతుల మంటకి మతం లేదు, కూలి మాత్రం ఉంది. అదీ తక్కువే.

1995లో రంజాన్ నెల ఫిబ్రవరిలో వచ్చింది. సరిగ్గా పండుమిరప కాలం. నేను సెలవు పెట్టి ఊరికి వెళ్ళాను. అమ్మ రోజా ఉండి కారం దంచుతోంది. ఉప్పు చూడాలి. నోట్లో పెట్టుకోకూడదు. నేనూ రోజానే. అమ్మ రోకలి పక్కన పెట్టి వీధిలోకి వెళ్ళి, తనతో కోతకి వచ్చే మాదిగపల్లె ఆమెని పిలుచుకొచ్చింది. ఇద్దరూ ఒకే ఈడువాళ్ళు. ఆమె రోటి పక్కన కూచుని వేలితో తీసి నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది. "ఇంకో దోసెడు పడాలొదినా" అంది. అమ్మ మారుమాట్లాడకుండా దోసెడు ఉప్పు వేసింది. మళ్ళీ చూసింది. "సరిపోయింది" అంది. ఆ నెలంతా మా కారానికి ఉప్పు చూసింది ఆమే. పోయేటప్పుడు అమ్మ ఆమెకి గిన్నెడు కారం ఇస్తే కొంగు కింద పెట్టుకుని తీసుకెళ్ళింది. దానికి గోడ అడ్డం రాలేదు. చాపకూడు అంటే నాకు ఆ పూటే అర్థమైంది.

ఆ తర్వాత మూడేళ్ళకి మా ఊళ్ళో ఆడవాళ్ళు డ్వాక్రా సంఘం పెట్టుకున్నారు. అమ్మ అందులో చేరింది. ఎవరి చేతి పని వాళ్ళు అమ్ముకోవచ్చన్నారు. అమ్మ పండుమిరప కారం పన్నెండు సీసాలు పెట్టింది. నేను హైదరాబాదు నుంచి కాగితాలు కొట్టించి పంపాను. "పల్నాటి పండుమిరప కారం" అని, కింద అమ్మ పేరు. చివర 'బీ' ఉండే పేరు. తన పేరు అచ్చులో చూసుకోవడం అమ్మకి అదే మొదటిసారి. చదవడం రాదు. వేలితో తడిమి "ఇదేనా నా పేరు?" అని అడిగిందట తమ్ముణ్ణి.

పట్నంలో స్టాల్ పెట్టారు. అక్కడి పెద్దమనిషి ఒకాయన సీసా తిప్పి చూసి, ఎంతో ఆప్యాయంగా చెప్పాడట. "అమ్మా, కారం చాలా బాగుంది. కానీ ఈ పేరుంటే కొనరు. పచ్చళ్ళ దగ్గర జనానికి పట్టింపులుంటాయి. పేరు తీసేసి 'అమ్మచేతి పచ్చళ్ళు' అని వేద్దాం, ఇట్టే అమ్ముడుపోతాయి." ఆయన అబద్ధం చెప్పలేదు. పచ్చళ్ళ కొట్ల బోర్డుల మీద కులం పేరు పెద్దక్షరాల్లో రాసుకోవడం మనం రోజూ చూస్తున్నాం. ఒక కులం పేరు రుచికి హామీ అవుతుంది. ఒక మతం పేరు అదే రుచికి అనుమానం అవుతుంది.

అమ్మ ఏం చేసిందో తెలుసా? వాదించలేదు. ఏడవలేదు. "నేను అమ్మనే గదయ్యా. నా పేరు తీసేస్తే ఇంకెవరి చేతిదవుద్ది?" అందట. పన్నెండు సీసాలూ సంచిలో వేసుకుని బస్సెక్కి ఇంటికొచ్చింది. తెల్లారి కోతకి వెళ్ళేటప్పుడు వాటిని తీసుకెళ్ళి తోటి కూలోళ్ళకి తలా ఒకటి ఇచ్చేసింది. డబ్బులు నష్టం. సంఘం అప్పు నేను కట్టాను. ఆ సంగతి చెప్పినప్పుడు నేను కోపంతో ఊగిపోయాను. "ఆయన మీద రాస్తాను" అన్నాను. "ఆయన్నేమంటావ్? కొనేవోళ్ళనడుగు" అంది అమ్మ.

కొనేవాళ్ళని అడగడానికే ఇది రాస్తున్నాను.

అమ్మ పోయి పదేళ్ళు దాటింది. జాడీ నా దగ్గరుంది. రోలు లేదు, అపార్టుమెంటులో దంచితే కిందివాళ్ళు ఊరుకోరు. మిక్సీలో ఆపి ఆపి తిప్పుతాను, కచ్చాపచ్చాగా రావాలని. చాంద్రమాన క్యాలెండర్ ముప్పై మూడేళ్ళకో చుట్టు తిరుగుతుంది. 2025లో రంజాన్ మార్చిలో వచ్చింది, మళ్ళీ మిరప పండే కాలంలోకి. రెండు కిలోల పండుకాయలు తెచ్చుకుని, రోజాతోనే కారం చేయడానికి కూచున్నాను. ఉప్పు చూడాలి. ఎవర్ని పిలవను?

ఎదురు ఫ్లాట్‌లో ఒక పిల్ల ఉంది. ఉద్యోగం చేసుకుంటుంది. లిఫ్టులో కలిస్తే "బాగున్నారా ఆంటీ?" అంటుంది. తలుపు దాకా వెళ్ళాను. బెల్లు మీద వేలు పెట్టి తీసేశాను. పిలిస్తే వస్తుందేమో. వచ్చి, మొహమాటానికి నాలుక చివర పెట్టి, ఇంటికెళ్ళి నోరు కడుక్కుంటే? లేదా నిజంగానే ఇష్టంగా తింటే? ఎనిమిదో తరగతి పిల్లకి ఉన్న ధైర్యం ఈ వయసులో నాకు లేకపోయింది. గోడ అవతలవాళ్ళే కట్టారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇవతల నేను కూడా నాలుగు రాళ్ళు పేర్చుకున్నానని ఆ రోజు తెలిసింది.

మగ్రిబ్ అజాన్ దాకా ఆగాను. ఖర్జూరం తిని, నీళ్ళు తాగి, వేలితో కారం తీసి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు దోసెడు తక్కువైంది. ఆ మాదిగపల్లె ఆమె ఉంటే పొద్దున్నే చెప్పేది.

మూడో రోజు రుబ్బి, పోపు పెట్టి, చిన్న సీసాకి ఎత్తాను. అమ్మ పేరున్న పాత కాగితాలు ఇంకా కొన్ని నా దగ్గరున్నాయి. పసుపుపచ్చగా అయిపోయాయి. ఒకటి అంటించాను. వెళ్ళి బెల్లు కొట్టాను. ఆ పిల్ల తలుపు తీసింది. "మా అమ్మ కారం" అన్నాను. సీసా తీసుకుని పేరు పైకి చదివింది. "ఈవిడేనా మీ అమ్మగారు?" అంది. అవునన్నాను. తర్వాత ఏమైందో నేను చూడలేదు. తిందో, పారేసిందో, పనిమనిషికి ఇచ్చేసిందో. సీసా మాత్రం గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది.

మిత్రులారా, ఈసారి మా ఇంటికి వచ్చినప్పుడు బిర్యానీ అడక్కండి. వేడన్నంలోకి కారం పెడతాను. ఇష్టమైతే ఒక సీసా ఇంటికీ ఇస్తాను. దాని మీద మా అమ్మ పేరు ఉంటుంది. కాగితం చింపకుండా తీసుకెళ్ళండి.